పట్టాతో బాటు పట్టుకెళ్ళేది స్నేహమే

విజయనగరం: మూడేళ్ళు మూడు రోజుల్లా గడిచిపోయాయని ప్రతి వీడ్కోలు సభలోనూ ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. గజపతినగరం, సాలూరు, బొబ్బిలి, చీపురుపల్లి, శృంగవరపుకోట వైపు పల్లెల నుంచి తెల్లవారుజామున లేచి, క్యారేజీ కట్టుకుని, బస్సులో నిలబడి వచ్చి చదువుకున్న వారిని అడిగితే మాత్రం మూడేళ్ళూ మూడేళ్ళలాగే గడిచాయంటారు. ఆ కష్టాన్ని తేలిక చేసింది ఏమిటని అడిగితే అందరి నోటా ఒకటే మాట: పక్కన కూర్చున్న స్నేహితుడు.

డిగ్రీ చివరి పరీక్షలు అయిపోయాయంటే పట్టణంలో అద్దె గదులు ఒక్కటొక్కటిగా ఖాళీ అవుతాయి. చాపలు, బకెట్లు, గ్యాస్ స్టవ్వు, పాత నోట్సులు ఆటోలకెక్కుతాయి. ఈ పిల్లల్లో చాలామంది తమ ఇంట డిగ్రీ ముఖం చూసిన మొదటివారు. తాపీ పనివారి కొడుకులు, జనపనార మిల్లు కార్మికుల కూతుళ్ళు, రెండెకరాల మెట్ట మీద బతికే వారి బిడ్డలు. వీరికి కళాశాల నేర్పిన పాఠాల్లో సగం సిలబసులో లేనివే.

తీరని బాకీ

కంటోన్మెంటు ప్రాంతంలో ఒకే గదిలో నలుగురు కుర్రాళ్ళు మూడేళ్ళు ఉన్నారు. నెలకొకసారి ఎవరింటికి వారు వెళ్ళి బియ్యం తెచ్చుకునేవారు. ఎవరి బియ్యం ఎవరు తిన్నారో లెక్క చూసుకోలేదు. రెండో సంవత్సరంలో ఒకరి తండ్రి పరంజా మీద నుంచి పడి మంచం పట్టాడు. పరీక్ష ఫీజుకు గడువు నాలుగు రోజులుంది. కుర్రాడు చదువు మానేసి హైదరాబాద్ పనికి పోతానని సంచీ సర్దుకున్నాడు. మిగిలిన ముగ్గురూ ఆ సంచీ దాచేశారు. ఒకరు సిరిమాను పండుగకు దాచుకున్న బట్టల సొమ్ము, ఇంకొకరు ఆదివారాల్లో పెళ్ళిళ్ళలో వడ్డన పనికి వెళ్ళి తెచ్చుకున్న కూలి, మూడో అతను ఇంట్లో అబద్ధమాడి తెచ్చిన డబ్బు కలిపి ఫీజు కట్టారు.

ఆ బాకీ ఇంకా తీరలేదు. “తీర్చేస్తే మళ్ళీ కలవడానికి సాకేటుంటాది?” అని అప్పిచ్చిన కుర్రాడు ఈ విలేఖరితో నవ్వుతూ అన్నాడు. ఆ ముగ్గురూ తరువాతి ఉభాల సమయంలో మిత్రుని ఊరు వెళ్ళి, తండ్రి లేవలేని ఆ ఇంటికి ఆకు తీసి ఇచ్చారు. “సదువుకున్న గుంటలు బురదలో దిగుతారేటి అనుకున్నాను బాబూ. మా వోడి కంటే బాగా సేసినారు” అని ఆ తల్లి చెప్పింది.

గడప దాటించిన ఐదుగురు

ఆడపిల్లల కథ వేరు. గజపతినగరం వైపు నుంచి రోజూ ఒకే బస్సులో వచ్చే ఆరుగురిలో ఒకరికి రెండో సంవత్సరంలోనే పెళ్ళయింది. చదువు మాన్పించబోతున్నారని తెలిసి మిగిలిన ఐదుగురూ ఒక ఆదివారం ఆమె అత్తవారింటికి వెళ్ళారు. వాదనకు దిగలేదు. పెట్టిన టీ తాగి, అత్తగారిని ‘పిన్నీ’ అని పిలిచి, పరీక్షల రోజుల్లో తామే వచ్చి తీసుకువెళ్ళి తిరిగి దిగబెడతామని మాట ఇచ్చారు. చివరి పరీక్ష వరకు ఆ మాట నిలబెట్టుకున్నారు. పొట్టనున్న బిడ్డతో ఆమె పరీక్షలు రాసింది. క్లాసులో ఎప్పుడూ నోరు విప్పని అమ్మాయే ఆ రోజు అందరి తరఫునా మాట్లాడిందని స్నేహితురాళ్ళు చెప్పుకుంటున్నారు.

2020–21 నుంచి రాష్ట్రంలో డిగ్రీ విద్యార్థులకు సామాజిక సేవా ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. దీన్ని కొందరు కాగితాల తంతుగా ముగించిన మాట నిజమే. మనసుపెట్టి తిరిగినవారు మాత్రం తమ ఊరిని తామే కొత్తగా చూశామంటున్నారు. ఎన్ని ఇళ్ళకు కుళాయి ఉందో, ఎంతమంది వలస వెళ్ళారో ఇంటింటికీ తిరిగి అడిగితే గాని తెలియలేదట. పరాయి గుమ్మంలో నిలబడి మర్యాదగా ఒక ప్రశ్న అడగడం కూడా చదువేనని ఒక అధ్యాపకుడు అన్నారు.

ఈ ఊరికిది కొత్త కాదు

ఒకరి అండతో ఇంకొకరు చదువుకోవడం విజయనగరానికి వందేళ్ళ పైబడిన అలవాటు. 1857లో పాఠశాలగా మొదలై, 1879లో కళాశాలగా ఎదిగిన మహారాజా వారి విద్యాలయంలోనే గురజాడ అప్పారావు చదివారు. దిక్కులేని ఆ విద్యార్థికి తిండి, వసతి ఇచ్చి ఆదరించినవారు నాటి ప్రిన్సిపాలు చంద్రశేఖర శాస్త్రి.

ఇక్కడి సంగీత కళాశాలలో చేరాలని వచ్చిన ఘంటసాల వెంకటేశ్వరరావుకు వేసవి సెలవుల వల్ల తలుపులు మూసి కనిపించాయి. పట్రాయని సీతారామశాస్త్రి ఆయనను చేరదీసి విద్య చెప్పారు. పూట గడవడానికి ఘంటసాల జోలె పట్టి వీధివీధీ తిరిగి మధుకరం ఎత్తుకున్నారు. నాడు ఆ జోలెలో ముద్ద వేసిన ఇల్లాళ్ళ పేర్లు ఎవరికీ తెలియవు. అయినా ఆ పాటలో వారికీ భాగముంది. నేడు క్యారేజీ మూత తీసి పక్కవాడి ముందుకు జరిపే పిల్లలు చేస్తున్నదీ అదే పని.

అన్నిటినీ మించి చెప్పుకోవలసింది గురజాడ, గిడుగు రామమూర్తిల చెలిమి. ఇద్దరూ ఈ ఊళ్ళో బడిలో సహాధ్యాయులు. 1879లో మెట్రిక్యులేషన్ ప్యాసైన గిడుగు 1880లో ఉపాధ్యాయుడిగా పర్లాకిమిడి వెళ్ళిపోయారు. గురజాడ ఇక్కడే ఉండి 1886లో బి.ఏ. పూర్తి చేశారు. గిడుగు అక్కడ సవరల భాష నేర్చుకుని వారి పిల్లలకు బడి పెట్టారు. గురజాడ ఇక్కడ కన్యాశుల్కం రాశారు. ఆ నాటకం 1892లో ఈ పట్టణంలోనే ప్రదర్శనకు వచ్చింది. చదువైపోయిన పాతికేళ్ళకు వాడుక భాష ఉద్యమం వారిద్దరినీ మళ్ళీ ఒకే పనిలో నిలబెట్టింది. 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి తన అసమ్మతి పత్రం సమర్పించారు. మరుసటి ఏడు, 1915 నవంబరు 30న కన్నుమూశారు. గిడుగు ఆ పనిని దించలేదు. 1940 జనవరి 22న తాను పోయేవరకు, అంటే మరో పాతికేళ్ళు ఊరూరా తిరిగి మోశారు. మనం ఈనాడు పత్రికల్లో, పాఠ్యపుస్తకాల్లో చదువుకుంటున్న వాడుక తెలుగు వెనుక ఆ ఇద్దరు బడి స్నేహితుల శ్రమ ఉంది. రోజూ కలుసుకుంటూ ఉండటం ఒక్కటే స్నేహం కాదని, ఒకరు వదిలిన పనిని ఇంకొకరు ఎత్తుకోవడం కూడా స్నేహమేనని దీనివల్ల తెలుస్తుంది.

కాగితాలు జాగ్రత్త

కన్నీళ్ళతో బాటు చూసుకోవలసినవి కాగితాలు కూడా. ప్రొవిజనల్ సర్టిఫికెట్టు, అన్ని సెమిస్టర్ల మార్కుల జాబితాలు, టి.సి., స్టడీ, కాండక్టు సర్టిఫికెట్లు, వేరే విశ్వవిద్యాలయంలో చేరేవారికి మైగ్రేషన్ సర్టిఫికెట్టు అవసరం. ఇంటిపేరులో ఒక్క అక్షరం తప్పున్నా ఇప్పుడే సరిచేయించుకోవాలి. ఉద్యోగం వచ్చాక తిరగడానికి సెలవు దొరకదు.

ఫీజు రీయింబర్స్‌మెంటు సొమ్ము రాలేదని, బకాయి కడితే గాని కాగితాలు ఇవ్వబోమని కొన్నిచోట్ల పిల్లలను తిప్పుతున్నారు. పై చదువులో సీటు వచ్చీ అసలు కాగితాలు చేతిలో లేక కూలికి పోయినవారున్నారు. విద్యాసంస్థలు ఏ నెపంతోనూ విద్యార్థుల అసలు సర్టిఫికెట్లను తమ అధీనంలో ఉంచుకోరాదని విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018 అక్టోబరులోనే నోటిఫికేషన్ ఇచ్చింది. నోటి మాటగా అడగడం కంటే రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టి, దాని నకలు మీద సంతకం, తేదీ తీసుకోవడం మంచిది. ఒంటరిగా వెళ్ళే కంటే నలుగురు స్నేహితులు కలిసి వెళితే సమాధానంలో మర్యాద పెరుగుతుందని అనుభవజ్ఞులు చెబుతున్నారు.

విడిపోయేముందు

ఇకపై వీరిలో కొందరు విశాఖకు, కొందరు హైదరాబాద్, బెంగళూరులకు పోతారు. కొందరు పోలీసు, గ్రూపు పరీక్షలకు చదువుతారు. కొందరు ఊళ్ళోనే ఉండిపోతారు. వాట్సాప్ గ్రూపులు ఇప్పటికే సిద్ధమయ్యాయి. అయితే మొదటి ఏడు పండుగ శుభాకాంక్షలతో మార్మోగే గ్రూపు మూడో ఏటికి మూగబోతుందని ముందు బ్యాచీల వారు హెచ్చరిస్తున్నారు. ఉద్యోగం వచ్చినవాడు సంబరంగా రాస్తాడు. రానివాడు నెమ్మదిగా మాట్లాడటం మానేస్తాడు. అలా మాట్లాడటం మానేసిన వాడికి ఫోను చేయడమే అసలు స్నేహమని వారి మాట.

మార్కులు ఎన్ని వచ్చాయో నాలుగేళ్ళ తరువాత ఎవరూ అడగరు. కష్టం వచ్చిన రోజున ఎవరు బస్సెక్కి వచ్చారో మాత్రం జీవితాంతం గుర్తుంటుంది. మన పల్లెల నుంచి వచ్చి పట్టా పుచ్చుకుంటున్న ఈ పిల్లలకు ఆ లెక్క ఇప్పటికే బాగా తెలుసు. ఊరు మారినా దానిని మరిచిపోకుండా ఉంటే చాలు.