డబ్బా పీకితే దౌడేనా?
ఎయిర్ ఫిల్టర్ మార్పిడిపై కుర్రకారు మోజు... చెన్నై వానల్లో తేలిపోతున్న అసలు సంగతి

చెన్నై: ‘‘అన్నా, బండి లాగడం లేదు. ఆ ఫిల్టర్ డబ్బా పీకేసి కోన్ పెట్టెయ్!’’

చెన్నైలోని మెకానిక్ షెడ్లలో తరచూ వినిపించే మాట ఇది. చేయి తిరిగిన మెకానిక్ అయితే స్పానర్ పట్టే ముందు ఒక మాట అడుగుతాడు. ‘‘తమ్ముడూ, వానాకాలంలోనూ ఈ బండే కదా నడిపేది?’’ అని. కుర్రాడికి అది విడ్డూరంగా ఉంటుంది. పికప్‌కూ వానకూ పొంతనేమిటని నవ్వేస్తాడు. పొంతన ఉంది. అది తెలియాలంటే సీటు కింద దాక్కున్న ఆ నల్ల డబ్బా చేసే చాకిరీ ఏమిటో ముందు తెలుసుకోవాలి.

బండి సామాన్ల కోసం సూళ్లూరుపేట, తడ, గుమ్మిడిపూండి వైపు నుంచి లోకల్ రైలెక్కి వచ్చే మనవాళ్లకు చెన్నైలో రెండు చిరునామాలు కంఠతా వచ్చు. కొత్త సామాన్లు, సోకు సామగ్రి కావాలంటే మౌంట్ రోడ్డు పక్కనున్న జనరల్ ప్యాటర్స్ రోడ్డు... అదే జీపీ రోడ్డు. పాతవి కావాలంటే ఎగ్మూరు దగ్గర పుదుపేట. తుక్కు కింద విప్పేసిన బండ్ల ఇంజన్లు, కార్బురేటర్లు, సైలెన్సర్లు అక్కడి సందుల్లో గుట్టలుగా కనిపిస్తాయి. 2006లో ధనుష్ హీరోగా ఆ పేట పేరుతోనే ఓ తమిళ సినిమా వచ్చాక ఊరి బయటి వాళ్లకూ పేరు తెలిసింది కానీ, బండ్ల పిచ్చి ఉన్నవాళ్లకు అంతకుముందే అది పుణ్యక్షేత్రం.

జీపీ రోడ్డులో కుర్రాళ్ల కళ్లు ముందుగా పడేది ఎర్రగా, గరాటులా మెరిసే కోన్ ఫిల్టర్ల మీదే. కంపెనీ ఇచ్చిన డబ్బాను తీసేసి దీన్ని నేరుగా కార్బురేటర్ మూతికి తగిలిస్తే ఇంజన్ ‘ఫ్రీ’గా ఊపిరి పీల్చుకుంటుందన్నది నమ్మకం. పని అరగంటలో అయిపోతుంది. కిక్ కొట్టగానే ‘బుర్‌ర్‌ర్’మని గంభీరమైన శబ్దం. ఇంకేం, మనవాడు వెంటనే ఈసీఆర్ ఎక్కేస్తాడు!

లీటరుకు తొమ్మిది వేల లీటర్లు

నమ్మకం పూర్తిగా తప్పేమీ కాదు. ఇంజన్ మండించేది పెట్రోలొక్కదాన్నే కాదు. ఒక గ్రాము పెట్రోలు సరిగా మండాలంటే దాదాపు 14.7 గ్రాముల గాలి కావాలి. ఆ లెక్కన లీటరు పెట్రోలుకు సుమారు 9 వేల లీటర్ల గాలి. 346 సీసీ బుల్లెట్ 4 వేల ఆర్‌పీఎంలో తిరిగితే నిమిషానికి 700 లీటర్ల దాకా పీల్చాలి. 98 సీసీ యమహా ఆర్‌ఎక్స్ 100 టూ స్ట్రోక్ బండి. 11 హార్స్‌పవర్ ఇచ్చే 7,500 ఆర్‌పీఎం దగ్గర దాని లెక్కా అటూఇటూగా అంతే. ఇది కాగితం మీది లెక్క, రోడ్డు మీద కాస్త తక్కువే ఉంటుంది. ఎలా చూసినా ఇంజన్ అనేది గాలిని తోడే పంపు. దారి ఇరుకైతే పవర్ తగ్గుతుంది, వెడల్పు చేస్తే పెరుగుతుంది.

చిక్కల్లా ఆ దారి నిజంగా ఇరుకా అన్నదే. ఫిల్టర్ శుభ్రంగా ఉంటే కంపెనీ డబ్బా అడ్డుకునే గాలి చాలా స్వల్పం. మామూలు రోడ్డు మీద, సగం యాక్సిలరేటర్‌తో పోతున్నప్పుడు గాలిని ఆపుతున్నది ఫిల్టర్ కాదు, కార్బురేటర్‌లోని స్లైడే. అంటే తాళం వేసిన గది కిటికీకి దోమతెర పీకేసి ‘గాలి వస్తోంది’ అని సంబరపడ్డట్టు. ఫుల్ యాక్సిలరేటర్‌లో కొంత తేడా రావచ్చు. నగరం ట్రాఫిక్‌లో ఫుల్ యాక్సిలరేటర్ ఎంతసేపు ఇస్తామో ఎవరికి వారే చెప్పుకోవాలి.

మరి ఆ శబ్దమో? ఇంజన్ గాలిని ఒక్క ధారగా పీల్చదు, దఫదఫాలుగా గుటకలు వేస్తుంది. ఆ చప్పుడును మింగేసేది డబ్బాయే. ముందున్న సైలెన్సర్ పొగగొట్టానికైతే, సీటు కిందిది ఊపిరికి సైలెన్సర్ అన్నమాట. డబ్బా పోతే చప్పుడు నేరుగా నడిపేవాడి చెవికి కొడుతుంది. బండి వేగం పెరగకపోయినా పెరిగినట్టే ఉంటుంది. చాలామంది చెప్పే ‘పికప్’ ఇదే.

ఇంకో పనీ ఉంది దానికి. లోపల కొంత గాలిని నిలవ ఉంచి, కార్బురేటర్‌కు కుదురుగా అందిస్తుంది. 2000 తర్వాత వచ్చిన చాలా బండ్లలో రబ్బరు డయాఫ్రమ్ ఉండే కార్బురేటర్లు పెట్టారు. లోపలి ఒత్తిడిని బట్టే వాటి స్లైడ్ లేచి దిగుతుంది. డబ్బా తీసేస్తే పక్కనుంచి ఒక్క గాలి విసురు తగిలినా తడబడతాయి. తక్కువ స్పీడులో బండి దగ్గడం, గేరు మార్చినప్పుడు వెనక్కి లాగినట్టు ఉండటం చాలావరకు అందుకే.

ప్లగ్ చెప్పే జాతకం

గాలి పెరిగి పెట్రోలు పెరగకపోతే మంట పలచబడి, ఇంజన్ వేడెక్కుతుంది. అందుకే ఫిల్టర్ మార్చినప్పుడు కార్బురేటర్ అడుగున ఉండే ఇత్తడి మెయిన్ జెట్‌ను ఒకటి రెండు నంబర్లు పెద్దదిగా మార్చి, నీడిల్ క్లిప్‌ను సరిచేయాలి. కొన్నిసార్లు స్లో జెట్ కూడా. తర్వాత బండిని బాగా లాగించి, ఇంజన్ ఆపేసి, ప్లగ్ విప్పి చూస్తారు. మూతి ఇటుక రంగులోనో కాఫీ పొడి రంగులోనో ఉంటే క్షేమం. నల్లగా మసి పట్టిందంటే పెట్రోలు ఎక్కువైనట్టు. తెల్లగా సున్నం కొట్టినట్టుంటే మాత్రం ప్రమాదమే. టూ స్ట్రోక్ బండి అలాగే నడిపితే ఏదో ఒక మధ్యాహ్నం హైవే మీద పిస్టన్ జామ్ అయి, వెనక చక్రం ఒక్కసారిగా బిగుసుకుంటుంది. అప్పుడు క్లచ్ పట్టుకునే వ్యవధి ఉన్నవాడు అదృష్టవంతుడు.

ఫిల్టర్ కొనేవాళ్లలో జెట్ గురించి అడిగేవాళ్లెందరు? చెన్నైలో జెట్లకు కరవు లేదు. జపాన్ మికునీ సాంకేతిక సహకారంతో కార్బురేటర్లు చేసిన యూకాల్ కంపెనీ ఉన్నది నగర శివారు మరైమలై నగర్‌లోనే. కొరత ఓపికకు మాత్రమే.

షోలవరం నాటి విద్య

నెల్లూరు నుంచి హైవేలో వచ్చేవాళ్లకు రెడ్‌హిల్స్‌కు ముందు షోలవరం తగులుతుంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల పట్టీ ఒకటి అక్కడ ఉంది. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ ఏళ్ల తరబడి కార్లు, మోటార్‌సైకిళ్ల పందేలు నడిపింది ఆ పట్టీ మీదే. 1990లో శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో క్లబ్బు సొంత ట్రాక్ మొదలయ్యాక షోలవరం హడావుడి చల్లారింది. 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా పుట్టింది, తిరువొత్తియూరులో బుల్లెట్లు తయారైంది కూడా ఈ గడ్డ మీదే కాబట్టి, ఇంజన్ విప్పి చూసే విద్య మద్రాసుకు కొత్త కాదు.

గాలి దారిని వెడల్పు చేసే పని ఆ రేసుల వాళ్లకు బాగా తెలుసు. ఫిల్టర్ తీసేసి గరాటు పెట్టడం, పోర్టులు అరగదీసి నునుపు చేయడం, ఆ రోజు ఎండను బట్టి జెట్ మార్చడం... ఇదంతా వాళ్ల ఆటలో భాగం. అయితే రేసు బండి పరుగు కొద్ది నిమిషాలే. ఇంజన్‌ను తరచూ విప్పుతారు, అరిగిన రింగులు మారుస్తారు. ఆ మార్పుల్లో మొదటిదాన్ని మాత్రం పట్టుకొచ్చి, రోజూ అంబత్తూరు ఫ్యాక్టరీకి పోయొచ్చే బండికి తగిలిస్తే ఫలితం వేరేగా ఉండక తప్పదు.

ఎండ సంగతే చూడండి. గాలి వేడెక్కితే పలచబడుతుంది. 25 డిగ్రీల గాలి 40 డిగ్రీలకు చేరితే దాని బరువు దాదాపు 5 శాతం తగ్గుతుంది. డబ్బా అయితే సీటు కింద నుంచి కాస్త చల్లటి గాలినే తీసుకుంటుంది. కోన్ ఫిల్టర్ మాత్రం కాలుతున్న ఇంజన్ వెనకే నిలబడి, అది వదిలే సెగనే పీలుస్తుంది. సిగ్నల్ దగ్గర ఆగిన బండికి మరీనూ. వెడల్పు దారితో వచ్చిన లాభం వేడితో సరి!

దుమ్ము ఇంకో బాధ. మెట్రో రైలు తవ్వకాలు, ఇసుక లారీలు, బీచ్ రోడ్ల ఇసుక... ఈ ఊళ్లో దుమ్ముకు కొదవా? నాసిరకం ఫిల్టర్ గుండా దూరిన సన్నటి ఇసుక సిలిండర్ గోడను గరుకు కాగితంలా గీస్తుంది. కొన్నాళ్లకు పొగ మొదలవుతుంది, బండి బోరుకొస్తుంది. పేరున్న కంపెనీల నూనె పట్టించిన కాటన్ ఫిల్టర్లు దుమ్మును బాగానే ఆపుతాయి, కడిగి మళ్లీ నూనె పట్టిస్తూ ఏళ్ల తరబడి వాడుకోవచ్చు. అయితే ఎర్రగా ఉన్నదల్లా అదే కాదు.

వానొస్తే...

ఇక మెకానిక్ అడిగిన ప్రశ్న దగ్గరికొద్దాం. డబ్బా ఉన్నంతకాలం గాలి దారి మూతి పైన, సీటు కింద భద్రంగా ఉంటుంది. డబ్బా తీస్తే ఆ ఖాళీలో, వెనక టైరుకు ఎదురుగా, మోకాలి ఎత్తులో కోన్ ఫిల్టర్ వేలాడుతుంది. టైరు చిమ్మే నీళ్లన్నీ దాని ముఖానే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల ఊరిది. గట్టి వానకే దొరైసామి, గణేశపురం సబ్‌వేలు చెరువులవుతాయి. 2015 డిసెంబరు వరదలప్పుడు, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను సమయంలో అయితే బండ్లకు బండ్లే మునిగాయి. అంత నీటిలో కంపెనీ డబ్బా కూడా కాపాడలేదు, నిజమే. కానీ మామూలు వానకే, పాదం మునిగే నీళ్లకే చతికిలబడే బండ్లలో ఈ ‘ఫ్రీ’ ఊపిరి బండ్లు ముందుంటాయి.

నీళ్లు సిలిండర్‌లోకి వెళ్తే గాలిలా నొక్కుకుపోవు. పిస్టన్ బలంగా పైకి వచ్చి వాటిని గుద్దితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. కాబట్టి నీళ్లలో ఆగిన బండికి పదేపదే సెల్ఫ్ నొక్కడం, కిక్ కొట్టడం మహా తప్పు. తోసుకుంటూ గట్టుకు చేర్చి, ప్లగ్ విప్పి, ఇగ్నిషన్ ఆపే ఉంచి మెల్లగా కిక్ తొక్కి నీళ్లు బయటికి పంపాలి. డబ్బా ఉంటే దాని అడుగున చిన్న గొట్టం ఉంటుంది, మూత తీస్తే నిలిచిన నీళ్లు దిగిపోతాయి. ఫోర్ స్ట్రోక్ బండ్లలో ఇంజన్ ఆయిల్ పాలు కలిపిన కాఫీలా మారితే అది మార్చేదాకా స్టార్ట్ చేయకూడదు.

చట్టం కూడా మునుపటిలా చూసీచూడనట్టు లేదు. కంపెనీ నిర్దేశించిన తీరుకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. అదే ఏడాది సవరించిన మోటారు వాహనాల చట్టంలో అనుమతి లేని ఒక్కో మార్పుకు రూ.5 వేలు జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని రాశారు. ఫిల్టర్ పేరు ఆర్సీలో ఉండదు కదా అనొచ్చు. నిజమే, కానీ శబ్దం, పొగ హద్దు దాటితే పట్టుకోవడానికి వేరే సెక్షన్ ఉంది. దాని జరిమానా రూ.10 వేల దాకా. కేంద్ర చట్టం కనుక బండికి ఆంధ్రా నంబరున్నా అంతే. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 బండ్లలో చాలావాటికి కార్బురేటరూ జెట్టూ పోయి, పెట్రోలు కొలిచేది కంప్యూటరైంది. గాలి లెక్క తప్పితే సెన్సర్ కొంతవరకు సర్దుతుంది, సర్దలేనప్పుడు మీటర్‌లో పసుపు దీపం వెలిగిస్తుంది.

బండి నిజంగానే లాగడం లేదంటే ముందు ఉన్న ఫిల్టర్‌ను విప్పి చూడటం మేలు. ఫోమ్ అయితే సబ్బు నీళ్లలో ఉతికి, ఆరబెట్టి, ఆయిల్ రాసి పిండి పెట్టాలి. కాగితానిదైతే కడగకూడదు, మార్చేయాలి. చాలా బండ్లకు పోయిన పికప్ అక్కడే దొరుకుతుంది. తర్వాత చెయిన్, బ్రేకు పట్టేయడం, టైర్లలో గాలి.

పుదుపేట సందుల్లో ఇప్పుడు గమ్మత్తయిన బేరమొకటి నడుస్తోంది. 1996లో తయారీ ఆగిపోయిన ఆర్‌ఎక్స్ 100లను మోజుపడి కొన్నవాళ్లు, దానికి కంపెనీ ఇచ్చిన సామాన్లన్నీ మళ్లీ చేర్చాలని వెతుకుతున్నారు. ఆ జాబితాలో పగలని, మూత పోని పాత ఫిల్టర్ డబ్బా కూడా ఉంటోంది. ఒకప్పుడు ఎవరో పీకి పారేయమన్నదే!