మత్తుమందుకు తోడు ఓ పాట

ఆపరేషనంటే కత్తికన్నా మత్తుకే ఎక్కువ జంకుతాం కదూ? క్లోరోఫాం మత్తుని 1888, 1889లలో మన పాతబస్తీ అంచున అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలోనే డాక్టర్ లారీ నిజాంగారి ఖర్చుతో పరీక్షించారు. ఆయన శిష్యురాలు రూపాబాయి ఫర్దూన్జీ రోగులకు మత్తిచ్చేవారు. ఆ రోజుల్లో ఆడవాళ్లకది ఎంత అపురూపం!

ఇప్పుడు మందుకి పాట తోడొచ్చింది. 2017లో గుంటూరులో మెదడు ఆపరేషన్ జరుగుతుంటే ఓ నర్సమ్మ మెలకువగా 'బాహుబలి' చూస్తూ కూనిరాగం తీసింది. పాట వింటే కంగారు, నొప్పి తగ్గుతాయని 73 ప్రయోగాలను కలిపి చూసిన 2015 'లాన్సెట్' వ్యాసం తెలిపింది. అలాగని పాట మత్తుకు బదులు కాదండీ!

నడుముకి సూదేసి చేసే ఆపరేషన్లో చెవులకు కత్తెరల చప్పుడుతో సహా వినిపిస్తుంది. మీ అత్తగారికి ఘంటసాల ఇష్టమో, ఖవ్వాలీ ఇష్టమో ముందురోజే మత్తు డాక్టరుగారికి చెప్పి, హెడ్‌ఫోన్ పెట్టనిస్తారేమో అడగండి. సౌండు మాత్రం తక్కువగా ఉండాలి, డాక్టరుగారి పిలుపు వినబడాలిగా!