అద్దాల కార్యాలయాలు.. ఎండను ఆపేది పూతే!

జంట పలకలు ఉన్నంత మాత్రాన చాలదు
తుపాను గాలిని తట్టుకోవడమూ ముఖ్యమే

గజపతినగరం: రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయంటారు. అంతటి ఎండలో, పడమటి ముఖంగా నిలువెత్తు అద్దం బిగించిన కార్యాలయంలో మధ్యాహ్నం మూడు గంటల వేళ పనిచేయడం సులువు కాదు. ఏసీ ఆగకుండా తిరుగుతున్నా అద్దం పక్కన కూర్చున్నవారికి సెగ తప్పదు. తెరలు దించితే చీకటి.. పట్టపగలే దీపాలు వెలిగించాలి. ఒకప్పుడు మహానగరాలకే పరిమితమైన అద్దాల ముఖభాగాలు చిన్న పట్టణాల వాణిజ్య సముదాయాలకూ విస్తరించాయి. అందుకే అద్దం ఎంపికను అందానికి సంబంధించిన విషయంగా మాత్రమే చూడరాదు. భవనం ఉన్నన్నాళ్లూ చెల్లించవలసిన కరెంటు బిల్లు దానిపై ఆధారపడి ఉంటుంది.

వేడి వచ్చే దారులు రెండు

అద్దం గుండా వేడి రెండు విధాలుగా లోపలికి చేరుతుంది. మొదటిది నేరుగా పడే ఎండ. సూర్యరశ్మిలోని శక్తిలో దాదాపు సగం కంటికి కనిపించని పరారుణ కిరణాలదే. సాధారణ అద్దం వెలుగుతో పాటు వీటిలోనూ అధిక భాగాన్ని లోపలికి వదిలేస్తుంది. పడిన ఎండలో ఎంత భాగం వేడిగా లోపలికి వస్తుందో తెలిపే కొలతే ఎస్‌హెచ్‌జీసీ. ఆరు మిల్లీమీటర్ల సాధారణ అద్దానికి ఇది సుమారు 0.82. అంటే నూటికి 82 పాళ్లు లోపలికే.

రెండోది బయటి గాలి వేడి అద్దం ద్వారా పాకడం. దీనిని యు విలువతో కొలుస్తారు. సాధారణ అద్దానికి ఇది 5.7 వరకు ఉంటుంది. రెండు పలకల మధ్య ఖాళీ ఉంచి మూసిన జంట అద్దానికి సుమారు 2.8కి తగ్గుతుంది. ఈ రెండు కొలతలూ ఎంత తక్కువైతే అంత మేలు.

లెక్క ఇదీ..

పడమటి గోడకు పది చదరపు మీటర్ల (సుమారు 108 చదరపు అడుగుల) అద్దం ఉందనుకుందాం. దానిపై చదరపు మీటరుకు 600 వాట్ల ఎండ పడుతోందని, బయట 40 డిగ్రీలు, లోపల 24 డిగ్రీలు ఉన్నాయని భావిద్దాం. సాధారణ అద్దం గుండా ఎండ వల్ల 4,920 వాట్లు, గాలి వేడి వల్ల మరో 912 వాట్లు లోపలికి వస్తాయి. అదే స్థానంలో ఎస్‌హెచ్‌జీసీ 0.25, యు విలువ 1.8 ఉన్న పూత అద్దాన్ని అమరిస్తే ఇవి వరుసగా 1,500, 288 వాట్లకు పడిపోతాయి. తేడా నాలుగు వేల వాట్లకు పైమాటే. ఒక టన్ను ఏసీ తొలగించే వేడి సుమారు 3,500 వాట్లు. అంటే ఒక్క గోడపైనే టన్నుకు మించిన ఏసీ భారం తగ్గినట్లు.

ఈ లెక్కలో మరో సంగతి ఉంది. గాలి ద్వారా పాకే వేడి కన్నా నేరుగా పడే ఎండ వాటా ఎన్నో రెట్లు అధికం. పూత లేని జంట అద్దానికీ ఎస్‌హెచ్‌జీసీ సుమారు 0.70 ఉంటుంది. చలిదేశాల అవసరం వేరు. అక్కడ లోపలి వేడి బయటకు పోకుండా రెండు పలకలు కాపాడతాయి. మన ప్రాంతంలో జంట అద్దం అన్న పేరును మాత్రమే నమ్మి కొంటే ఖర్చుకు తగ్గ ఫలితం దక్కదు.

కిటుకంతా పూతలోనే

అద్దంపై కంటికి ఆనని మందంలో వెండి వంటి లోహపు పొరలను పూస్తారు. దీనినే లో-ఈ పూత అంటారు. ఎండను అడ్డుకునేందుకు రూపొందించిన రకం వెలుగును చాలావరకు రానిచ్చి, పరారుణ కిరణాలను వెనక్కు తిప్పికొడుతుంది. వేడి ప్రాంతాల్లో ఈ పూత సాధారణంగా బయటి పలకకు లోపలి వైపున ఉండాలి. పలకల మధ్య పొడిగాలి లేదా ఆర్గాన్ వాయువు నింపి, తేమను పీల్చే పదార్థంతో అంచులు మూస్తారు. ఆ మూత చెడితే పలకల మధ్య మసక కమ్ముతుంది. అప్పుడు మొత్తం జోడును మార్చడమే మార్గం.

హైదరాబాద్‌లో కొండాపూర్ సమీపంలోని సీఐఐ-సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ ఇందుకు చక్కని ఉదాహరణ. 2004 జులై 14న నాటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం దీనిని ప్రారంభించారు. అమెరికా వెలుపల లీడ్ ప్లాటినం గుర్తింపు పొందిన తొలి భవనమిదే. ఇందులో జంట అద్దాలు ఒక భాగం మాత్రమే. నడిమి ముంగిళ్లు, జాలీ గోడలు, లోపలికి వచ్చే గాలిని ముందే చల్లబరిచే గాలి గోపురాలు వాటికి తోడయ్యాయి.

నిబంధనలు ఏమంటున్నాయి?

కేంద్ర విద్యుత్ శాఖ 2007లో ఇంధన పొదుపు భవన నియమావళిని ప్రకటించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2014 జనవరిలో దానికి తగిన ఉత్తర్వులిచ్చింది. కేంద్రం 2017లో సవరించిన నియమావళి ప్రకారం గోడ విస్తీర్ణంలో అద్దం 40 శాతం మించరాదు. కోస్తా వంటి ఉక్కపోత ప్రాంతాల్లో ఉత్తరం మినహా మిగిలిన దిక్కుల్లో ఎస్‌హెచ్‌జీసీ 0.27, యు విలువ 3.0 దాటరాదు. వెలుగు కనీసం 27 శాతమైనా లోపలికి రావాలి. 100 కిలోవాట్లు, ఆపై విద్యుత్ భారం గల వాణిజ్య భవనాలను ఉద్దేశించిన నియమాలివి. చిన్న కార్యాలయాలు ఈ పరిధిలోకి రాకపోయినా ఈ అంకెలు వాటికీ దారి చూపుతాయి.

గాలికీ నిలవాలి

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు నగరంలో అనేక భవనాల అద్దాలు పగిలిపోయాయి. గాలి భారాలపై భారత ప్రమాణం విశాఖకు నిర్దేశించిన మూల వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. తీరానికి చేరువలో ఉన్న ఉత్తరాంధ్ర పట్టణాల్లో అద్దం మందం, చట్రం, బిగింపులను ఇంజినీరు లెక్క కట్టిన తరువాతే ఖరారు చేయాలి. టఫెన్డ్ అద్దం పగిలితే చిన్న ముక్కలై రాలుతుంది. లామినేటెడ్ అద్దంలో నడుమ ఉన్న పొర ముక్కలను పట్టి ఉంచుతుంది. జనం తిరిగే చోట, పై అంతస్తుల్లో ఇదే క్షేమం.

కొనేముందు..

* ఎస్‌హెచ్‌జీసీ, యు విలువ, వెలుగు శాతం.. ఈ మూడింటినీ రాతపూర్వకంగా తీసుకోవాలి.
* ముదురు రంగు అద్దమైతే చాలనుకోరాదు. అది వేడిని పీల్చుకుని కొంత లోపలికే వదులుతుంది, వెలుగూ తగ్గుతుంది.
* దక్షిణాన ఎండ ఎత్తు నుంచి పడుతుంది కనుక సన్‌షేడ్ పనిచేస్తుంది. పడమటి ఎండ వాలుగా వస్తుంది. అక్కడ అద్దం తగ్గించడం, నిలువు పలకలు, చెట్లు మేలు.
* కరెంటు పోయినప్పుడు గాలి ఆడేలా కొన్ని కిటికీలైనా తెరుచుకునేవి ఉండాలి.

మన పాత ఇళ్ల చూరు, వసారా చేసిన పనీ ఇదే.. వెలుగును రానిచ్చి ఎండను గడప అవతలే ఆపడం. మంచి అద్దం ఆ పనికి తోడు నిలుస్తుందే తప్ప నీడకు బదులు కాలేదు. నీడ ఏర్పాటు చేశాక ఎంత అద్దం అవసరమో నిర్ణయించుకుంటే తక్కువ విస్తీర్ణంలో నాణ్యమైన అద్దం సరిపోతుంది. పెట్టుబడీ, నెలనెలా బిల్లూ అదుపులో ఉంటాయి.