వంతుల డ్యూటీ గల నర్సు ఉద్యోగము: చేరుటకు ముందు ఆలోచింపవలసిన విషయములు

రోగమునకు పగలు రాత్రి అను భేదము లేదు. అందుచే ఆసుపత్రిలో రోగి ప్రక్కన ఇరువదినాలుగు గంటలును ఎవరో ఒకరు మేలుకొని యుండక తప్పదు. ఆ భారము ముఖ్యముగా నర్సులది. నర్సింగు పరీక్షలో ఉత్తీర్ణులై, రాష్ట్ర నర్సింగు కౌన్సిలులో పేరు నమోదు చేయించుకొన్నవారికి నియామకపు ఉత్తరువు అందిననాడు ఇంటిల్లిపాదికిని సంతోషము కలుగును. కాని వంతుల ప్రకారము డ్యూటీ చేయవలెనను నిబంధన చూడగానే చేరవలెనా, మానవలెనా అను సందేహము పుట్టును. రాత్రి డ్యూటీ కలదా అను ప్రశ్న కంటె, దానిని ఏ విధముగా ఏర్పాటు చేసినారు, పగటి నిద్రకు ఇంటిలో చోటు కలదా అను ప్రశ్నలు ముఖ్యమైనవి.

శరీరముపై ప్రభావము

మన మెదడులో నిద్రను, మెలకువను నడుపు గడియారము వంటి ఏర్పాటు కలదు. వెలుతురును బట్టి అది తన కాలమును సరిచూచుకొనును. చీకటి పడిన పిదప మెలటోనిన్ అను హార్మోను ఊరును. తెల్లవారుజామున శరీరపు వేడిమి మిక్కిలి తగ్గును. మందు మోతాదులో పొరపాటు జరుగుటకు అవకాశము హెచ్చుగా నుండు వేళయు అదియే. ఈ గడియారము కణములలో పనిచేయు తీరును కనుగొన్న ముగ్గురు అమెరికా శాస్త్రజ్ఞులకు 2017లో నోబెల్ బహుమానము లభించినది.

అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2019లో రాత్రి వంతుల పనిని క్యాన్సరుకు బహుశః కారణము కాగల వాటిలో చేర్చినది. రాత్రి పని చేసిన ప్రతివారికిని వ్యాధి వచ్చునని దీని భావము కాదు. అనేక సంవత్సరములు ఎడతెగక చేయు రాత్రి పనిని తేలికగా తీసికొనరాదని మాత్రమే గ్రహింపవలెను. మూర్ఛవ్యాధి గలవారు, ఇన్సులిన్ తీసికొనువారు, గర్భవతులు ముందుగా వైద్యుని సలహా పొందుట మంచిది.

ఆసుపత్రి వారిని అడుగవలసినవి

మొదటిది, డ్యూటీ పట్టిక. పలు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉదయము 8 నుండి 2 వరకు, 2 నుండి రాత్రి 8 వరకు, రాత్రి 8 నుండి మరునాటి ఉదయము 8 వరకు వంతులు నడుచును. అనగా రాత్రి వంతు 12 గంటలు. వరుసగా ఎన్ని రాత్రులు వేయుదురో, వాని తరువాత నైట్ ఆఫ్ ఎన్ని దినములో, పట్టిక ఎన్నాళ్లు ముందుగా తెలుపుదురో అడుగవలెను. వంతులు ఉదయము నుండి సాయంకాలమునకు, సాయంకాలము నుండి రాత్రికి ముందుకు జరిగినచో శరీరము సులభముగా సర్దుకొనును. వెనుకకు జరిగినచో కష్టము.

రెండవది, రాత్రివేళ ఒక్క నర్సుకు ఎందరు రోగులను అప్పగింతురు? సెలవు పెట్టినవారి స్థానములో ఎవరు వచ్చెదరు? ఈ సంగతి ఆ వార్డులో పనిచేయు నర్సులను విచారించినచో తేటపడును.

మూడవది, వేతనము. సుప్రీంకోర్టు ఆదేశముపై ఏర్పడిన సంఘము 2016లో ప్రైవేటు ఆసుపత్రులకు కొన్ని సిఫారసులు చేసినది. 200 పడకలకు మించినచో ప్రభుత్వ నర్సుతో సమానమైన జీతము ఇయ్యవలెననియు, 50 పడకల లోపు వారైనను నెలకు 20,000 రూపాయలకు తగ్గరాదనియు అందు కలదు. ఇవి సిఫారసులే యైనను, జీతము మాటలాడునపుడు కొలబద్దగా ఉపకరించును. బాండు వ్రాయించుకొందురా, అసలు సర్టిఫికెట్లు తమవద్ద ఉంచుమందురా అను సంగతి సంతకమునకు ముందే తెలిసికొనవలెను.

నాలుగవది, రక్షణ. రాత్రి రాకపోకలకు వాహనము, విశ్రాంతి గది కలవా? 2017 సవరణచే మొదటి ఇద్దరు బిడ్డల విషయమున ప్రసూతి సెలవు 26 వారములకు పెరిగినది. 50 మంది లేక అంతకు మించి పనిచేయుచోట శిశువుల సంరక్షణ గది యుండవలెనని కూడ విధింపబడినది. అది నిజముగా ఉన్నదో లేదో కన్నులార చూచుట మేలు.

ఇంటివారు చేయవలసినవి

రాత్రి పండ్రెండు గంటలు నిలువుకాళ్లపై పనిచేసి వచ్చిన కోడలు పగటివేళ పండుకొనుట సోమరితనము కాదు. అది ఆమె రాత్రి. ఆ వేళ వంట, చుట్టముల మర్యాద, బిడ్డల పనులు ఆమె నెత్తిన వేసినచో ఏ శరీరమును చిరకాలము నిలువదు. కిటికీకి దళసరి తెర, నిశ్శబ్దము, అడ్డులేని నిద్ర ఆమెకు కల్పించుట అత్తమామలకును భర్తకును విధి. డ్యూటీకి పోవు ముందు కొంత కునుకు, డ్యూటీ చివరి గంటలలో కాఫీ టీలు మానుట మేలు చేయును. నిద్రమత్తులో స్కూటరు నడుపుట ప్రమాదకరము. బస్సులో వచ్చుటయో, ఇంటివారు తోడ్కొని వచ్చుటయో క్షేమము.

పై ప్రశ్నలకు ఆసుపత్రి వారు తేటగా జవాబిచ్చి, ఇంటివారు పగటి నిద్రకు మాట యిచ్చినచో, ఉద్యోగమును ధైర్యముగా స్వీకరింపవచ్చును. ఆసుపత్రి వారు పట్టికను చూపుటకే వెనుదీసినచో, కొంత తక్కువ జీతమైనను మరియొక చోటు వెదకుకొనుట తెలివైన పని. ఇంటిలో నిద్రకు తావు లేనిచో ముందుగా ఆ మాట ఇంటిలోనే తేల్చుకొనవలెను. విశ్రాంతి లేని నర్సు చేతిలో రోగికిని క్షేమము లేదు.