కెమెరాకు గీటురాయి

రంగు వేయని కోసా పట్టు తేనె రంగులో ఉంటుంది. రాయ్‌పూర్ పండ్రి బజారులో, షాపు ట్యూబులైటు కింద, చవక కెమెరాతో ఆ పట్టు చీరను ఫొటో తీస్తే ఆకుపచ్చ జీర తేలొచ్చు. గుమ్మం బయటికి తెచ్చి ఎండలో తీస్తే మరో రంగు. ఫోన్లో చూసి కొన్నవాళ్లు ‘మేం అడిగింది ఇది కాదు’ అనరూ మరి!

కెమెరా సెన్సరుకు రంగు తెలీదు, పడిన వెలుతురు ఎంతో కొలవడమే తెలుసు. అందుకే కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ దాని గళ్ల మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లు పరిచాడు. మన కన్ను సన్నని వివరాన్ని ఆకుపచ్చలోనే బాగా పట్టుకుంటుంది గనక ఆకుపచ్చ గళ్లు రెట్టింపు. ఆయనకు 1976లో పేటెంటు వచ్చింది. ఇప్పటికీ దాదాపు అన్ని కెమెరాల్లో ఉన్నది ఆ అమరికే. అయితే ఈ ఫిల్టర్లు వెలుతురును పంచుకునే తీరు వేరు, మన కంటి తీరు వేరు. ఆ తేడా కూడా ఒక్కో మోడల్‌కు ఒక్కోలా ఉంటుంది.

ఆ తేడాను కొలిచే గీటురాయి కూడా 1976లోనే వచ్చింది. మెక్‌కామీ, మార్కస్, డేవిడ్‌సన్ అనే ముగ్గురు 24 రంగుల చార్టును వివరిస్తూ పరిశోధన పత్రం రాశారు. అదే మాక్‌బెత్ కలర్‌చెకర్. నాలుగు వరసలు, వరసకు ఆరు గళ్లు. పై వరసలో ముదురు చర్మఛాయ, లేత చర్మఛాయ, ఆకాశం, ఆకు, నీలి పువ్వు వంటి రంగులుంటాయి. కింది వరస తెలుపు నుంచి నలుపు దాకా బూడిద మెట్లు. ఆకు గడి కంటికి ఆకులా కనిపిస్తే చాలదు. అసలు ఆకు ఏ తరంగాన్ని ఎంత వెనక్కి పంపుతుందో ఆ గడీ దాదాపు అంతే పంపాలి. లేకపోతే కంటికి ఒకటిగా తోచిన రెండు రంగులు సెన్సరుకు వేరుగా కనిపిస్తాయి.

చాలా చవక కెమెరాలు సెన్సరు లెక్కను బయటికివ్వవు, తామే వండిన జేపెగ్ ఇస్తాయి. కెనాన్ పవర్‌షాట్ల విషయంలో ఆ తలుపు తీసింది సీహెచ్‌డీకే. ఔత్సాహికులు రాసిన ఈ ప్రోగ్రామును మెమరీ కార్డులో పెడితే ఏ610 లాంటి కెమెరా కూడా సెన్సరు లెక్కను అలాగే దాచే రా ఫైలు రాస్తుంది. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లు, ఈ పది బిట్ల ఫైలులో 1024. తొలినాళ్లలో ఆ ఫైలుకు కెమెరా పేరైనా ఉండేది కాదు. డేవ్ కాఫిన్ 1997లో మొదలుపెట్టిన డీసీరా ప్రోగ్రాము ఫైలు సైజు చూసి మోడల్‌ను పోల్చుకునేది!

సెన్సరు లెక్కను రంగుగా మార్చేది మూడు అడ్డ, మూడు నిలువు వరసల మాత్రిక, అంటే తొమ్మిది అంకెలు. పేరున్న కెమెరాలకు అవి ప్రోగ్రాములోనే ఉంటాయి. లేనివాటికి చార్టే దిక్కు. 24 గళ్లు, గడికి మూడు కొలతలు, మొత్తం 72. తేలాల్సినవి తొమ్మిదే. అన్నిటికీ అతికినట్టు సరిపోయే జవాబు సాధారణంగా దొరకదు. మొత్తం తప్పు ఎక్కడ అన్నిటికన్నా తక్కువైతే ప్రోగ్రాము అక్కడ ఆగుతుంది. వెలుగు మారితే ఆ అంకెలూ మారతాయి. అందుకే అడోబీ 2004లో తెచ్చిన డీఎన్‌జీ అనే రా ఫైలులో రెండు వెలుగులకు రెండు మాత్రికలు దాచే వీలుంది. సాధారణంగా ఒకటి పాత బల్బు పసుపు వెలుగుకు, రెండోది పగటి వెలుగుకు.

రాయ్‌పూర్ తేలీబాంధా చెరువు గట్టున చెట్టు నీడలో చార్టు పెట్టకండి, ఆకుల పచ్చదనం దాని మీద పడుతుంది. రంగు గోడ పక్కనా వద్దు. ఆరుబయట, మెరుపు కొట్టకుండా, తెల్ల గడి వెలిసిపోకుండా తీయండి. షాపు లైటుకు వేరే ప్రొఫైల్, అంటే వేరే మాత్రిక, చేసుకోండి. ఆ లైటులో అసలే లేని తరంగాలను మాత్రం ఏ ప్రొఫైలూ పుట్టించలేదు. చార్టు రంగులూ ఎండకు వెలుస్తాయి, పని కాగానే కవరులో పెట్టేయండి. చీరలు తీసే ముందు ఒక్క ఫొటో చార్టుకు కేటాయిస్తే, పాత పవర్‌షాట్ తీసిన కోసాను కూడా కొనేవాళ్లు నమ్మొచ్చు.