నేలను కాపాడిన వీలునామా

పిల్లల కథల మీద వచ్చిన డబ్బుతో పొలాలు కొన్న రచయిత్రి బియాట్రిక్స్ పాటర్. ఇంగ్లండులోని లేక్ డిస్ట్రిక్ట్‌లో 1905లో హిల్ టాప్ అనే పొలంతో మొదలుపెట్టారు. విండర్మియర్ సరస్సు ఒడ్డున కొంత నేల ఇళ్ళ స్థలాలైపోతుందని తెలిసి, 1927లో సంతకం చేసిన తన బొమ్మలను అమెరికా పాఠకులకు అమ్మి చందా కూడబెట్టారు. 4,000 ఎకరాలకు పైగా భూమి పల్లెసీమలను కాపాడే నేషనల్ ట్రస్టుకు చెందేలా వీలునామా రాసి 1943లో కన్నుమూశారు. కొండ పొలాల్లో హెర్డ్విక్ గొర్రెలనే సాకాలన్నది ఆమె షరతు. మాకు బాగా నచ్చింది ఆ షరతే.

ఇది మనకు తెలియని దారేమీ కాదు. ఖైబర్‌లో తనకు దక్కిన భూమిని ఏం చేయమంటారని హజ్రత్ ఉమర్ (రజి) అడిగితే, మూలాన్ని అలాగే ఉంచి ఫలాన్ని దానం చేయమని దైవప్రవక్త (స) సలహా ఇచ్చారు. ఆ నేలను అమ్మరాదు, కానుకగా ఇవ్వరాదు, వారసులు పంచుకోరాదు. దాని రాబడి పేదలకు, బంధువులకు, బాటసారులకు. వక్ఫ్ అంటే అదే. నాటిన చెట్టు పండును పక్షి తిన్నా, పశువు తిన్నా నాటినవారికి అది సదఖాయే కదా!

అయితే పాటర్‌కు పిల్లలు లేరు. వారసులున్న మనం వసీయత్‌లో ఆస్తంతా రాసేయలేం. హజ్రత్ సఅద్ (రజి)కు అనుమతి దొరికింది మూడో వంతుకే, అదీ ఎక్కువేనన్నారు. అప్పులు తీర్చాక మిగిలినదానిలోనే ఆ మూడో వంతు. ఆరోగ్యంగా ఉండగా చేసే వక్ఫుకు మాత్రం ఈ హద్దు లేదు.