వివరణ లేని ప్రోగ్రాం సగం ప్రోగ్రామే

డెబియన్‌లోనో ఉబుంటులోనో కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించుకునేటప్పుడు టెర్మినల్‌లో చివరికి తరచూ ఒక లైను కనిపిస్తుంది: ‘ప్రాసెసింగ్ ట్రిగర్స్ ఫర్ మ్యాన్-డీబీ’. మనం అడిగింది ఫొటోలు దిద్దుకునే ప్రోగ్రాం. మధ్యలో ఈ మ్యాన్-డీబీ ఎందుకొచ్చింది? దాన్ని పిలిచిందెవరు? ఏళ్ల తరబడి లినక్స్ వాడుతున్నవాళ్లలో కూడా చాలామంది ఈ ప్రశ్న వేసుకోరు. వేసుకుంటే మాత్రం ప్యాకేజీ మేనేజర్ లోపలి పనితనమంతా ఒక్కొక్కటిగా బయటపడుతుంది.

ఇయాన్ మర్డాక్ 1993లో మొదలుపెట్టిన డెబియన్‌లో సాఫ్ట్‌వేర్ ఎక్కించే పనిని రెండు ప్రోగ్రాములు పంచుకుంటాయి. ఏ ప్యాకేజీకి ఇంకేమేం కావాలో లెక్కగట్టి, వాటిని ఇంటర్నెట్ నుంచి తెప్పించేది ఆప్ట్. వచ్చినవాటిని విప్పి, ఏ ఫైలు ఎక్కడుండాలో అక్కడ పెట్టి, పద్దు రాసుకునేది డీపీకేజీ. పేరు వీటిదే గానీ చాకిరీలో పెద్ద భాగం వీటి వెనకున్న చిన్న చిన్న సహాయక ప్రోగ్రాములది. వాటిని మనం నేరుగా పిలిచే సందర్భం అరుదు. కొన్నయితే మామూలు కమాండ్లుండే చోట కూడా కనిపించవు, లిబ్ ఫోల్డర్ లోపలెక్కడో ఉంటాయి.

మ్యాన్-డీబీ సంగతే చూద్దాం. ప్రోగ్రాముల వివరణలైన మాన్యువల్ పేజీలుండే ఫోల్డర్‌లో ఎవరు ఏ ఫైలు పెట్టినా తనకు కబురు చెయ్యమని ఈ ప్యాకేజీ డీపీకేజీకి ముందే చెప్పి ఉంచుతుంది. ఈ ఏర్పాటు పేరే ట్రిగర్. ఒకే విడతలో యాభై ప్యాకేజీలు ఎక్కుతున్నా ప్రతిదానికీ విడిగా ఆ పని జరగదు. కబుర్లన్నీ పోగుపడ్డాక మ్యాన్-డీబీ లేచి, కొత్త పేజీల పేర్లనూ వాటి ఒక్క వాక్యపు పరిచయాలనూ తన సూచికలో చేర్చుకుంటుంది. ఎంతో సమయం ఆదా చేసే ఈ ఏర్పాటు డీపీకేజీ వివరణల్లో ఉంది. అక్కడిదాకా వెళ్లి చదివేవాళ్లే తక్కువ.

తెలియకపోతే నష్టమేమిటి? 2019 జనవరిలో బయటపడిన ఒక లోపం ఆ నష్టాన్ని స్పష్టంగా చూపించింది.

ఆప్ట్ తానుగా ఇంటర్నెట్‌కు వెళ్లదు. మెథడ్స్ అనే ఫోల్డర్‌లో ఉండే ‘హెచ్‌టీటీపీ’ అనే చిన్న ప్రోగ్రాంను పంపుతుంది. రెండింటి మధ్యా మాటలు మామూలు అక్షరాల్లోనే నడుస్తాయి. సహాయక ప్రోగ్రాం మొదట ‘100 కేపబిలిటీస్’ అని తనకేం చేతనవునో చెబుతుంది. ‘600 యూఆర్ఐ అక్వైర్’ అంటూ ఏ ఫైలు తేవాలో, ఎక్కడ పెట్టాలో ఆప్ట్ చెబుతుంది. తేవడం మొదలైతే 200, పూర్తయితే 201, కుదరకపోతే 400 అని జవాబు వస్తుంది. వివరాలు లైనుకొకటి ఉంటాయి. ఖాళీ లైను వచ్చిందంటే సందేశం ముగిసినట్టు. ఆ ప్రోగ్రాంను టెర్మినల్‌లో నేరుగా నడిపి చూడండి, మొదటి సందేశం మీ కళ్ల ముందే పడుతుంది.

ఈ నియమం చదివాక మనసులో మెదలవలసిన ప్రశ్న ఒకటుంది. సందేశాలకు లైన్లే హద్దులైతే, బయటి నుంచి వచ్చిన సమాచారంలోనే కొత్త లైను దాగి ఉంటే ఏమవుతుంది? లోపం సరిగ్గా అక్కడే ఉంది. ‘మీరడిగిన ఫైలు ఇక్కడ లేదు, ఫలానా చోట ఉంది’ అని సర్వర్ చెప్పినప్పుడు ఆ చిరునామాను సహాయక ప్రోగ్రాం డీకోడ్ చేసి, తనిఖీ లేకుండా ‘103 రీడైరెక్ట్’ సందేశంలో పెట్టి ఆప్ట్‌కు అందించేది. దారిలో కాచుకున్న దుండగుడు ఆ చిరునామాలో లైన్లు దాచి, వెనకే తన సొంత 201 సందేశాన్ని తగిలించగలిగేవాడు. ఫైలు నకిలీదే అయినా, ఫైలు అసలుదో కాదో తేల్చుకోవడానికి ఆప్ట్ ఎదురుచూసే హ్యాష్‌లనే ఆ సందేశంలో రాసి పెట్టవచ్చు. ఆప్ట్ అదంతా తన సహాయక ప్రోగ్రాం మాటే అనుకుని నమ్మేది. ప్యాకేజీలు ఎక్కేది రూట్ అధికారంతో కాబట్టి కంప్యూటర్ మొత్తం అవతలివాడి చేతికి చిక్కుతుంది. సీవీఈ-2019-3462గా నమోదైన ఈ లోపాన్ని డెబియన్ అప్పటి స్థిర విడుదలలో 1.4.9 వెర్షన్‌తో సరిదిద్దింది. ఆ సవరణ తెచ్చుకోవడానికీ అదే ఆప్ట్ కావాలి. అందుకే రీడైరెక్ట్‌లను ఆపేసి మరీ అప్‌డేట్ చేసుకోమని వాడుకరులకు చెప్పాల్సి వచ్చింది.

ఈ సంభాషణ పద్ధతికి ఆప్ట్‌లో వివరణ పత్రం ఉంది. పత్రం ఉన్నంతమాత్రాన లోపం రాకుండా ఆగదు. కానీ పద్ధతి కాగితం మీద ఉంటేనే ఆ కోడ్ రాయనివాళ్లు కూడా దాన్ని ప్రశ్నించగలరు. చెరువు తూము ఎప్పుడు ఎంత ఎత్తాలో నీరటి ఒక్కడికే తెలిసిన ఊళ్లో, అతను నాలుగు రోజులు పొరుగూరెళ్తే పొలాలు ఎండుతాయి. రాసినవాడి తలలోనే ఉండిపోయిన ప్రోగ్రాం పరిస్థితీ అంతే.

ఈ సంగతి యూనిక్స్ పెద్దలకు మొదటే తెలుసు. 1971 నవంబరులో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ వెలువరించిన తొలి మాన్యువల్‌లోనే ‘బగ్స్’ అనే శీర్షిక ఉంది. తమ ప్రోగ్రాం ఎక్కడ తడబడుతుందో తామే చెప్పడం ఆ సంప్రదాయం. డెబియన్ నియమావళి కూడా ప్రతి ప్రోగ్రాంకూ మాన్యువల్ పేజీ ఉండాలంటుంది. లేకపోతే దాన్నీ బగ్‌గానే లెక్కగడుతుంది. ఒకప్పుడు పేజీ రాయని ప్రోగ్రాంలకు ‘అన్‌డాక్యుమెంటెడ్’ అనే ఉమ్మడి పేజీకి లింకు పెట్టి సరిపెట్టేవారు. తర్వాత ఆ వెసులుబాటు తీసేశారు. మంచి పని చేశారు. వివరణ లేదన్న సంగతిని కప్పిపుచ్చే పేజీ కంటే, లేదని తెలిసిపోవడమే మేలు.

అయితే ఏం రాయాలి? ‘హెల్ప్’ ఆప్షన్ చూపించే జాబితాను పేజీగా మార్చిపెట్టే హెల్ప్‌టూమ్యాన్ లాంటి పరికరాలున్నాయి. అవి అస్థిపంజరాన్ని మాత్రమే ఇస్తాయి. డీపీకేజీ-మెయింట్‌స్క్రిప్ట్-హెల్పర్‌ను తీసుకోండి. కొత్త వెర్షన్‌లో అక్కర్లేని కాన్ఫిగరేషన్ ఫైలును తీసేయడం దాని పనుల్లో ఒకటి. వాడుకరి ఆ ఫైలును ముట్టుకోకపోతే తీసేస్తుంది. మార్చుకుని ఉంటే ‘డీపీకేజీ-బాక్’ అనే తోకతో పేరు మార్చి దాచిపెడుతుంది. దీన్ని ప్యాకేజీలోని మూడు స్క్రిప్టుల్లో, అంటే ఎక్కించే ముందు నడిచేదానిలో, ఎక్కించాక నడిచేదానిలో, తొలగించాక నడిచేదానిలో, అవే వివరాలతో పిలవాలి. మూడుసార్లెందుకు? అప్‌గ్రేడ్ మధ్యలో ఆగిపోతే పక్కకు పెట్టిన ఫైలును మళ్లీ యథాస్థానంలో పెట్టాలి కాబట్టి. ఈ కారణం తెలియనివాళ్లు ఒకటి చాల్లే అనుకుని మిగతా రెండూ వదిలేస్తారు. ఇలాంటి ‘ఎందుకు’లు చెప్పడమే వివరణ రాసేవాళ్ల అసలు పని.

ఆ కారణాలు పట్టుకోవడానికి దారులున్నాయి. కంప్యూటర్‌లో ఉన్న ప్యాకేజీల స్క్రిప్టులన్నీ డీపీకేజీ ‘ఇన్ఫో’ ఫోల్డర్‌లో ఉంటాయి. అక్కడ గ్రెప్‌తో వెతికితే ఏ సహాయక ప్రోగ్రాంను ఎవరు పిలుస్తున్నారో తెలుస్తుంది. ఎస్‌ట్రేస్‌తో చూస్తే నడిచేటప్పుడు ఏ ప్రోగ్రాం దేన్ని లేపిందో కనిపిస్తుంది. ఛేంజ్‌లాగ్, గిట్ చరిత్ర తిరగేస్తే అది ఏ ఇబ్బంది తీర్చడానికి పుట్టిందో బయటపడుతుంది. చెడగొట్టి చూడటానికి ఒక వర్చువల్ మెషీన్ చాలు. అన్నీ తెలిశాక పేజీ మొదటి వాక్యం మీద శ్రద్ధ పెట్టాలి. మ్యాన్-డీబీ సూచికలోకి వెళ్లేది అదే. పేరు, గీత, పరిచయం అనే వరస తప్పితే ఆ పేజీ ఉన్నా ‘అప్రోపో’తో వెతికేవాళ్లకు దొరకదు.

మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ఫ్రీ సాఫ్ట్‌వేర్‌కు ఏదో ఒకటి చేయాలనుకునే పిల్లలు కోడ్ రాయడం ఒక్కటే దారి అనుకుని వెనకాడుతుంటారు. వాళ్లకు ఇది మంచి ప్రవేశం. డెవ్‌స్క్రిప్ట్స్ ప్యాకేజీలోని ‘మ్యాన్‌పేజ్-అలర్ట్’ను నడిపితే మీ కంప్యూటర్‌లో వివరణ లేని ప్రోగ్రాముల జాబితా వస్తుంది. లిబ్ లోపల దాగినవాటిని కూడా చూడాలంటే ఆ ఫోల్డర్ పేరు ఇవ్వాలి. అందులోంచి ఒక్కటి ఎంచుకోండి. అది ఎవరు పిలిస్తే లేస్తుంది, ఏ ఫైళ్లను ముడుతుంది, ఓడిపోతే ఏ సంఖ్యతో వెనక్కొస్తుంది, ఎందుకు పుట్టింది అన్న నాలుగింటికీ జవాబు రాసి, డెబియన్ బగ్ ట్రాకర్‌కు ప్యాచ్‌గా పంపండి. ఇంగ్లీషులో రాయడానికి జంకితే తెలుగులోనే పని ఉంది. డీపీకేజీ మాన్యువల్ పేజీలు జర్మన్, ఫ్రెంచ్ భాషల్లో ఎప్పటినుంచో దొరుకుతున్నాయి. తెలుగులో రాసేవాళ్లే రావాలి.